చివరి పరీక్షకి కొత్త చొక్కా వేసుకెళ్ళండి

పదో తరగతి వీడ్కోలు సభ పరీక్షలకి ముందే పెట్టండి. చదువు పాడవుతుందని, ఫలితాలొచ్చాక తీరిగ్గా చేసుకోవచ్చని ఏటా ఫిబ్రవరిలో స్టాఫ్ రూములో ఒకరైనా అంటారు. స్కూలు కమిటీలో ఉన్న పెద్దమనిషి ఒకాయన తల ఊపుతాడు. ఆ మాట వినకండి. ఒక పూట చాలదు, రోజంతా పాడు చెయ్యండి.

అమెరికాలో హైస్కూలు గ్రాడ్యుయేషన్ చదువు ముగిశాక జరుగుతుంది. డాలస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో పెరుగుతున్న మనవాళ్ళ పిల్లలు గౌనూ టోపీ పెట్టుకుని వేదికెక్కి డిప్లొమా అందుకుంటారు. ఆ వేసవిలోనే తల్లిదండ్రులు హాలు మాట్లాడి, బిరియానీ పెట్టి, నలుగురినీ పిలుస్తారు. మన జిల్లా పరిషత్ హైస్కూల్లో వరస వేరు. ముందు లడ్డూ, తర్వాత పరీక్ష, ఎండలు ముదిరాక ఫలితం. ఈ వరసే సరైనదని నా గట్టి నమ్మకం. ఆరువందలకి ఐదువందలు దాటించే అమ్మాయి, హిందీలో పాసు మార్కు ఇరవయ్యే అయినా ఆ ఇరవై కోసం కొబ్బరికాయ మొక్కుకున్న అబ్బాయి, ఇద్దరూ ఆ రోజు ఒకే కారప్పూస తింటారు. ఎవరి నుదుట ఏ అంకె పడుతుందో ఎవరికీ తెలియదు. రెండు నెలలు ఆగితే ఒకరి ఫొటో పేపర్లో ఉంటుంది, ఇంకొకరు ఇంట్లో తలుపేసుకుని ఉంటారు. పాసైనవాళ్ళ హాల్‌టికెట్ నంబర్లు పేపర్లో అచ్చయ్యే రోజుల్లో నంబరు కనపడనివాడు మధ్యాహ్నం బస్సుకే అమ్మమ్మగారి ఊరు వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత మీరు ఎంత ఘనంగా షామియానా వేసినా వాడు రాడు. వాడు లేకుండా సభేమిటి?

చందా తొమ్మిదో తరగతి వాళ్ళే వసూలు చెయ్యాలి, డబ్బు టీచర్ల చేతికి వెళ్ళకూడదు. లిస్టు రాసే లీడరుకి ఒక మాట. ఇవ్వలేనివాడి పేరు అందరికన్నా పైన రాసి పక్కన టిక్కు పెట్టెయ్. అడగొద్దు. చివర్లో లెక్క తేలకపోతే తేలకపోనీ. లెక్క పైసాతో సహా సరిపోయిన సభల్లో ఎవరో ఒకరు కడుపునొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోయి ఉంటారు.

వంటకి కేటరింగ్ వాళ్ళని పిలవకండి. పులిహోర తొమ్మిదో తరగతి మగపిల్లల చేత కలిపించండి. మా ఏడాది ఆ పని వాళ్ళకే పడింది. పసుపు ఎంత వెయ్యాలో ఒకడు అడిగితే, ఇంకొకడు ఆ అడగడాన్నే వెయ్యమన్నట్టు విని రెండోసారి వేశాడు, కలియబెడుతున్న మూడోవాడికి రంగు చాల్లేదనిపించింది. హెడ్మాస్టరు గారు ఒక్క మాట అనకుండా తిని, ఇంకాస్త పెట్టించుకున్నారు. ఆయన పెద్దరికం మాకు ఆ రోజు అర్థమైంది. ఆ చేతులతోనే అందరూ ఆటోగ్రాఫ్ పుస్తకాలు పట్టుకున్నారు. ఎండ తగిలితే పసుపు మరక వెలిసిపోతుంది, మూసి ఉన్న పుస్తకంలో వెలవదు. నా పుస్తకంలో కొందరి సంతకాలు సిరా పారి చదవడానికి రావు. వేలిముద్రలు మాత్రం గీతలతో సహా ఉన్నాయి.

ఇక మైకు. క్లాసు ఫస్టుకి ఇవ్వకండి. ఆ అమ్మాయి ఇంటి దగ్గర పెద్దవాళ్ళు రాసిచ్చిన రెండు పేజీలు అప్పజెబుతుంది, గురువుని బ్రహ్మతో పోలుస్తుంది, చప్పట్లు కొడతారు, సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ఆరో తరగతి నుంచి ఐదేళ్ళలో ఒక్కసారి కూడా నోరు విప్పనివాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు. వాణ్ణి లేపండి. లేవనంటే ఇద్దరు పట్టుకుని లేపండి.

మా క్లాసులో అలాగే లేపారు. మనిషి పొడుగు, రోజూ పొలంలో పని చేసి వచ్చే చేతులు, చివరి బెంచీ. మైకు ముందు నిలబడి, "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి" అన్నాడు. ఆగాడు. మైకు సెట్టు కుయ్యిమంది. మళ్ళీ "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి" అన్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మూడోసారి "గౌరవనీయులైన" దగ్గరే ఆగిపోయి, దిక్కులు చూసి, వరండాలో నిలబడ్డ అటెండరు కనపడగానే ప్రాణం లేచొచ్చినట్టు, "బాబాయ్, గంట కొట్టెయ్" అన్నాడు. మైకులోనే అన్నాడు. అటెండరుకి వాడంటే ఇష్టం. వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద లాంగ్ బెల్లు మోగించాడు. అంతే, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు సంచులు భుజాన వేసుకుని గేటు వైపు పరుగు. పీఈటీ మాస్టారు ఈల ఊదుకుంటూ వెనక పరుగు. ఆ పరుగులో పిల్లలకి ఆ ఈల ఇంకా ఉత్సాహమిచ్చింది. సగం మందిని ఊరి చెరువు దగ్గర పట్టుకొచ్చారు. మిగతావాళ్ళు దొరకలేదు. ఆ సభలో ఎమ్మార్వో గారు కూడా మాట్లాడారు. ఆయనేం మాట్లాడారో మా బ్యాచ్‌లో ఒక్కరికి గుర్తులేదు. ఈ మూడు ముక్కల ఉపన్యాసం మాత్రం అందరికీ కంఠతా వచ్చు. చెప్పినవాడికి ఇప్పుడు మనవలు. పెళ్ళిళ్ళలో ఎదురైతే మేం వాణ్ణి "గౌరవనీయులైన" అనే పిలుస్తాం, వాడు పలుకుతాడు కూడా.

టీచర్లని అనుకరించే నాటిక తప్పకుండా పెట్టండి, వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టి మరీ పెట్టండి. రిహార్సల్ ఎవరికీ చూపించొద్దు. పెద్దవాళ్ళు చూస్తే నొప్పించే మాటలు తీసేస్తారు, అవి తీసేస్తే మిగిలేది ఏమీ ఉండదు. మా లెక్కల మాస్టారు వేషం వేసినవాడు సుద్దముక్క విసిరాడు, ఎడం చేత్తో పంచె సర్దుకున్నాడు, ఒకడి చెవి మెలిపెట్టాడు. మాస్టారు లేచి స్టేజి ఎక్కారు. అందరం బిగుసుకుపోయాం. "అలా కాదురా, బొటనవేలు లోపలికి ఉండాలి" అని వాడి చెవి పట్టి చేసి చూపించారు. వాడు నిజంగా కెవ్వుమన్నాడు. ఆయన తర్వాత చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఐదేళ్ళు తనని అంత శ్రద్ధగా చూసినవాడు ఒకడున్నాడని టీచరుకి తెలిసే రోజు ఇదొక్కటే. పెన్ను సెట్టూ, శాలువా, గోడ గడియారం దీనికి సాటిరావు.

ఆడపిల్లలకి. అమ్మ ఇస్తానన్న చీర వద్దనండి. బీరువాలో అడుగున, కలరా ఉండల వాసనతో, తెల్ల గుడ్డలో చుట్టి ఉన్నది అడగండి. ఇవ్వదు. అన్నం మానెయ్యండి, ఇస్తుంది. జాకెట్టు వదులైతే చేతి కుట్లు వేయించుకోండి, డజను పిన్నీసులు పెట్టుకోండి, అప్పుడు మ్యూజికల్ చైర్స్ ఆడండి. చీరలో నడవడమే కొత్త, పరుగెట్టొద్దు అనే అత్తయ్యలుంటారు. పరుగెట్టండి. మా క్లాసులో కుచ్చిళ్ళు జారిపోయిన అమ్మాయి వాటిని గుండెలకి హత్తుకుని, రెండో చేత్తో కుర్చీ లాక్కుని కూర్చుని గెలిచింది. బహుమతి స్టీలు గిన్నె. ఆ జరీ అంచు చిరుగు చూసి వాళ్ళమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఆ గిన్నెలో పెరుగు తోడేసింది. మా వైపు చాలామంది అమ్మాయిలకి పదో తరగతే ఆఖరి బడి. ఆ తర్వాత వాళ్ళు కట్టిన పట్టుచీరలు వేరేవాళ్ళు ఎంచినవి. ఈ ఒక్కటి తాము ఎంచుకున్నది. చిరిగితే చిరగనివ్వండి అమ్మా.

గ్రూప్ ఫొటో ఒక్కసారే తీయించండి. కళ్ళు మూసినవాడు మూసినట్టే, తల తిప్పినవాడు తిప్పినట్టే ఉండనివ్వండి. ఇప్పుడు ఫోనులో నలభై తీసి బాగున్నది ఉంచుకుంటున్నారు. అందరూ బాగున్న ఫొటోలో ఎవరూ ఉన్నట్టుండరు. టీచర్లకి కుర్చీలు, పొట్టివాళ్ళు నేల మీద, పొడుగువాళ్ళు క్లాసులోంచి మోసుకొచ్చిన బెంచీల మీద, మధ్యలో సుద్దతో ఏడాది రాసిన పలక. బెంచీ ఒక కాలు పొట్టిదైతే ఇంకా మంచిది.

ఆ రోజు రానివాడి బొమ్మ పై మూలన గుండ్రంగా అతికించే పద్ధతి ఉండేది. అశుభంలా ఉందని మానేశారు. మళ్ళీ మొదలుపెట్టండి. మా ఫొటోలో ఆటలమ్మ పోసి రాలేకపోయినవాణ్ణి అలాగే అతికించారు. వాళ్ళింట్లో ఆ ఫొటో చూసి, పొరుగూరి నుంచి వచ్చిన మేనత్త గుమ్మంలోనే శోకాలు మొదలుపెట్టింది. వాడు లోపలి నుంచి పెరుగన్నం గిన్నెతో వచ్చి, "ఏమైందత్తా, ఎవరు పోయారు?" అన్నాడు. అత్తకి మంచినీళ్ళు తాగించడానికి వీధంతా వచ్చింది. రానివాణ్ణి ఫొటోలో లేకుండా చేయడం కంటే ఒక మేనత్త కాసేపు ఏడవడం నయం.

గౌన్లూ నల్ల టోపీలూ అద్దెకి తేవద్దు. ప్రైవేటు బళ్ళలో యూకేజీ పిల్లలకి కూడా వేస్తున్నారు. టోపీ ఎగరేయడం 1912లో అమెరికా నౌకాదళ అకాడమీలో మొదలైందంటారు. కొత్త అధికారులకి కొత్త టోపీలిచ్చారు, పాతవాటితో పని తీరింది, గాల్లోకి విసిరేశారు. అది వాళ్ళ సొంత టోపీ కాబట్టి అందులో సంతోషముంది. అద్దె టోపీ ఎగరేస్తే పిల్లవాడి కళ్ళు అది ఎక్కడ పడుతుందా అని చూస్తూ ఉంటాయి.

కాలేజీల పీఆర్వోలు పరీక్ష అట్టలూ పెన్నులూ పంచుతామని సభకి వస్తారు. అట్టలు తీసుకోండి. మైకు ఇవ్వకండి.

ఆటోగ్రాఫ్ పుస్తకం ముందుగా ఎవరికివ్వాలి? మీతో మాటలు లేనివాడికి. మంచి స్నేహితుడు ఎలాగూ రాస్తాడు, వాడు రాసేది మీకు తెలుసు కూడా. కొట్టుకుని ఏడాదిగా మొహం చూసుకోనివాడు గులాబీ రంగు పేజీ ముందు పెన్ను పట్టుకుని కూర్చుంటే వాడి మొహం చూడండి, ఆ పేజీ విలువ తెలుస్తుంది. అక్కడ ఎక్కడో నేర్చుకున్న కవితలు కాదు రాయాల్సింది. కొట్లాట ఎందుకొచ్చిందో రాయమనండి. నా పుస్తకంలో ఒకడు, "నీ కంపాస్ పెట్టె విరగ్గొట్టింది నేను కాదు, నిజం" అని రాసి సంతకం చేశాడు. అసలు విరగ్గొట్టినవాడు ఆ పక్క పేజీలో నా స్నేహం గురించి ఎనిమిది లైన్లు రాశాడు. పుస్తకం మూస్తే ఆ రెండు పేజీలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఫోన్ నంబరు రాయకండి, ఇంటి చిరునామా రాయండి. ఇంటి పేరు, వీధి, ఫలానా రావిచెట్టు ఎదురుగా, ఊరు, మండలం, ఆరంకెల పిన్‌కోడు. పిన్‌కోడు 1972 నుంచీ ఉంది, గుర్తులేకపోతే పోస్టుమాన్‌ని అడగండి. పదో తరగతి దాటగానే క్లాసు చెల్లాచెదురవుతుంది. ఒకరు పాలిటెక్నిక్, ఒకరు ఐటీఐ, 2008 నుంచైతే మార్కులొచ్చిన పల్లెటూరి పిల్లలు కొందరు నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలకి. సిమ్ కార్డులు మారిపోతాయి. ఊరు మారదు. మనిషి ఎక్కడున్నాడో ఆ రావిచెట్టు కింద కూర్చున్న ముసలాయన చెబుతాడు. 2004లో వచ్చిన "నా ఆటోగ్రాఫ్" సినిమాలో రవితేజ శుభలేఖలు పంచుకుంటూ పాత ఊళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఫోన్ చేసి చెప్పేసి ఉంటే సినిమా లేదు.

సంతకాలు క్లాసువాళ్ళతో ఆపకండి. మా గేటు బయట జామకాయలూ రేగుపళ్ళూ అమ్మే అవ్వ ఉండేది. ఆమె దగ్గరికి పుస్తకం తీసుకెళితే, తనకి సంతకం రాదంది. ఆఫీసు గదిలోంచి స్టాంపు ప్యాడు ఎత్తుకొచ్చాం. వేలిముద్ర వేసింది, ఒకరికి వేశాక అందరికీ వెయ్యాల్సొచ్చింది. వేస్తూ వేస్తూ ఒక్కొక్కరి బాకీ వరసగా చెప్పింది. ఎనిమిదో తరగతిలో తిన్న జామకాయ కూడా వదల్లేదు. మేం ఉన్నంతా ఇచ్చేశాం. అటెండరు స్టాంపు ప్యాడు వెతుక్కుంటూ వచ్చేసరికి మా వేళ్ళన్నీ ఊదా రంగు, పసుపు మీద ఊదా.

స్నేహితుడి వస్తువు ఒకటి తిరిగి ఇవ్వకండి. లెక్కల పరీక్ష అయ్యేదాకా ఆగి, వాడి వృత్తలేఖిని ఉంచేసుకోండి. అడుగుతాడు. రేపిస్తాననండి. వాడికి మీ ఇంటికి రావడానికి ఒక కారణం ఉండాలి.

ఇప్పుడు చొక్కా సంగతి. నేను చదివే రోజుల్లో పదకొండు పేపర్లు, ఆఖరిది సోషల్ రెండో పేపరు. గంట కొట్టగానే పరీక్షా కేంద్రం గేటు బయట సిరా చల్లుకోవడం. ఇళ్ళలో అందుకని ఆ రోజు పాత చొక్కా తీసిస్తారు. పాత చొక్కా వద్దు. సంక్రాంతికి కుట్టించిన తెల్లది వేసుకెళ్ళండి. పాతది మర్నాటికి మసిగుడ్డ అవుతుంది. కొత్తదాన్ని పారెయ్యడానికి ఏ అమ్మకీ చేతులు రావు, తిట్టి, ఉతికి, మడిచి దాస్తుంది. అది దాచడమే మనకి కావాలి.

సిరా కూడా చూసుకుని కొనండి. రాయల్ బ్లూ సబ్బుకి పోతుంది. పాతకాలం నీలినలుపు సిరాలో ఇనుప లవణం ఉండేది. పడినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడి, నూలుని గట్టిగా పట్టుకునేది. నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండలో వేస్తే కొంత పోతుంది. ఆ చిట్కా అమ్మకి చెప్పకండి. మొహం మీదికి విదిలించొద్దు, కళ్ళు జాగ్రత్త, వీపు చాలినంత ఉంది. బాల్ పెన్నూ జెల్ పెన్నూ విదిలిస్తే చుక్క రాలదు, అందుకే ఇప్పటి పిల్లలు మార్కర్లతో చొక్కాల మీద సంతకాలు చేసుకుంటున్నారు. అదీ మంచిదే, కానీ సంతకానికి వాణ్ణి నిలబెట్టాలి. చుక్కకి వాణ్ణి తరమాలి. ఒక సిరా సీసా, ఒక పాళీ పెన్ను సంచిలో పెట్టుకోండి. అమ్మాయిలు దూరంగా నిలబడి చూస్తారు అనుకునేవాళ్ళం. మా ఏడాది ఓణీ చెంగులో సీసా దాచుకొచ్చింది వాళ్ళే, మొదటి చుక్క వాళ్ళదే. బస్సు కండక్టరు మమ్మల్ని చూసి ఎక్కించుకోనంటే నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చాం. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ పరీక్షలైపోయాయని తెలిసిపోయింది, ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

2020, 2021 బ్యాచ్‌లకి ఒక మాట విడిగా చెప్పాలి. కరోనా వల్ల రెండు రాష్ట్రాల్లోనూ పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. తెలంగాణలో 2020 వాళ్ళు మూడు పేపర్లు రాశాక ఆగిపోయింది. ఆంధ్రలో ఆ ఏడాది మొదలే కాలేదు. పాసు కావడం బాగానే ఉంది. ఆఖరి పరీక్ష రోజు మాత్రం మీకు ఎవరూ ఇవ్వలేదు, దాని గురించి అడిగినవాళ్ళూ లేరు. మీరిప్పుడు ఇరవై దాటారు, ఉద్యోగాలూ బీటెక్కులూ ఉన్నాయి, ఈ వయసులో ఇదేం పని అంటారు. సంక్రాంతికి అందరూ ఊరొస్తారు కదా. భోగి మర్నాడు పదింటికి, తెల్ల చొక్కాలతో, బడి గేటు దగ్గరికి రండి. బడికి సెలవు, అడ్డం చెప్పేవాళ్ళుండరు. సీసాలు పట్నంలో స్టేషనరీ కొట్టులో అడిగితే లోపలి నుంచి తీసిస్తాడు. నీలినలుపు అడగండి.